పదకొండో నంబరు అంజూర

అంజూర కొమ్మ కత్తిరించినప్పుడు కారే పాలు చేతికి అంటితే వెంటనే ఏమీ అనిపించదు. ఎండలో ఒక గంట తిరిగాక దురద మొదలవుతుంది. మర్నాటికి చర్మం కమిలిపోయి, నెలల తరబడి పోని గోధుమరంగు మచ్చ పడుతుంది. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలని తెలియనివాణ్ణి కాదు. ఈ పొద్దున మళ్ళీ మరిచిపోయాను. ఇప్పుడు నర్సరీ షెడ్డులో కూర్చుని మణికట్టు మీద తడిగుడ్డ వేసుకున్నాను గానీ, వేళ్ళకు పట్టిన ఆకు వాసన రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. పచ్చికొబ్బరిని, అప్పుడే కోసిన గడ్డిని కలిపి నలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. అది ముక్కుకు తగిలితే నాకు ఒక మనిషి గుర్తుకొస్తారు. ఆయన గురించి చెప్పాల్సిన మాట ఒకటి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చెప్పేస్తే తేలికపడతాననుకున్నాను. అదీ జరగలేదు.

మీరు ఆయన్ని చూసి ఉండరు. ఖాసిం మాస్టారు పొదిలిలో పిల్లలకు డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. చొక్కా జేబులో పెన్సిల్, దానికి కట్టిన దారం రెండో కొస గుండీకి ముడివేసి ఉండేది. పెన్సిల్ ఎక్కడ పెట్టానో వెతుక్కునే పనిలో సగం జీవితం పోయిందనీ, మిగిలిన సగమైనా కాపాడుకుందామని దారం కట్టాననీ చెప్పేవారు. ఇంటి వెనక దొడ్లో పద్నాలుగు అంజూర చెట్లుండేవి. పద్నాలుగింటికీ డాల్డా డబ్బా రేకు కత్తిరించి చేసిన బిళ్ళలు తీగతో వేలాడేవి. బిళ్ళల మీద ఎనామిల్ రంగుతో అందమైన అంకెలు. పేర్లు మాత్రం ఉండేవి కావు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది పత్తి మమ్మల్ని ముంచేసిన మరుసటి సంవత్సరం. మాది అద్దంకి వైపు పల్లె. మందు మీద మందు కొట్టినా పురుగు చావక, చేలో నిలబడి ఏం చేయాలో తోచని రోజులవి. పొలం అన్నయ్యకు వదిలేసి, మా ఆవిడ పుట్టిల్లున్న పొదిలి వచ్చి, అరెకరం కౌలుకు తీసుకుని నర్సరీ పెట్టాను. మిరప నారు, సపోటా, గులాబీలు, కొబ్బరి. అప్పుడే అంజూర మాట బయల్దేరింది. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, పురుగు తక్కువ, పండుకి గిరాకీ ఉందని మెట్ట రైతులు అడగడం మొదలుపెట్టారు. ఎక్కడ దొరుకుతుందని విచారిస్తే అందరూ డ్రాయింగ్ మాస్టారి పేరే చెప్పారు. నాకు తెలిసిన ఒక తోటలోంచి ఆకు ఒకటి తెంపుకుని, ఇది ఏ రకమో చెప్పమని ఆయన ముందు పెట్టాను.

ఆయన ఆకు తిప్పి చూసి నవ్వారు. "పిలకాకు తెచ్చావు నాయనా."

"ఆకు ఆకే కదండీ."

"కాదు. మొదట్లో వచ్చే పిలక మీద ఆకు ఒక రకంగా ఉంటుంది, నీడలో ఉన్నది ఇంకో రకంగా ఉంటుంది. ఎండ తగిలే కొమ్మ మీద, కాయ పక్కనున్న ఆకు తేవాలి. అది కూడా ఒకటి కాదు, పది. నీ మొహం ఎలా ఉంటుందో నువ్వు తుమ్ముతున్నప్పుడు ఫొటో తీసి చెప్పమంటే ఎలా?"

లోపలి నుంచి ఆయన భార్య హుస్సేన్‌బీ గారు, "వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వండి, తర్వాత తుమ్మించొచ్చు," అన్నారు. అలా మొదలైంది మా పరిచయం.

నర్సరీ పనిలో ఒక జాడ్యం ఉంది. ఒకే మొక్క పది పేర్లతో తిరుగుతుంది. కొన్నవాడు కొన్న ఊరి పేరు పెడతాడు, అమ్మేవాడు నిలబడి చూసేవాడికి ఏ పేరు నచ్చుతుందో అది పెడతాడు. మాస్టారు ఈ గొడవలోకి దిగింది కూడా అలాగే. రిటైరైన కొత్తలో ఎవరో పూనా అంజూర అని ఒక మొక్క ఇచ్చారట. రెండేళ్ళ తర్వాత ఇంకొకరు బళ్ళారి అంజూర అని తెచ్చారు. ఆ తర్వాత బస్సు దిగి నడుస్తుంటే ఎక్కడో బెంగుళూరు అంజూర అని కనిపిస్తే అదీ కొన్నారు. మూడూ కాపుకొచ్చాక ఆయనకు అనుమానం వచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి ఆ సంగతి చూపించారు. పాత ప్రశ్నపత్రాల వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాల మీద ఆకు పెట్టి, అంచు వెంట పెన్సిల్ నడిపి గీసిన బొమ్మలవి. ఒక్కో చెట్టుకు పది ఆకులు గీసి, అందులో మధ్యస్తంగా ఉన్నదాన్ని విడిగా తీసి పెట్టేవారు. ఆ మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించారు. వెలుతురులో మూడు గీతలూ ఒకటే గీతగా కనిపించాయి.

"చూశావా? మూడుసార్లు ఒకే చెట్టుని ఇంటికి తెచ్చుకున్నాను. మూడుసార్లూ కొత్త చుట్టం వచ్చినట్టు మర్యాద చేశాను," అన్నారు.

ఆ రోజు నాకు కలిగిన ఉత్సాహం ఇప్పటికీ గుర్తే. పేర్ల గుట్టు తెలిసిపోయిందనుకున్నాను. ఇక ఎవరు ఏ పేరు చెప్పినా నాకు లోలోపల నవ్వొచ్చేది. అన్నీ ఒకటేలే అనేవాణ్ణి. ఆయన చూపించింది మూడు చెట్ల గురించి. నేను నేర్చుకున్నది లోకంలోని చెట్లన్నిటి గురించి. నా తప్పు అక్కడ మొదలైందని తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆయన జాగ్రత్తగా తేల్చిన ముక్కను నేను తొందరపాటుకు వాడుకున్నాను.

ఆ మూడింటినీ కలిపి మాస్టారు నాలుగో నంబరు అని పిలిచేవారు. మంచి కాపు, తియ్యటి పండు. నేను కొమ్మముక్కలు తెచ్చుకుని నాటింది దాని నుంచే. ఆయన ఊరికే ఇచ్చేవారు. ఒకటే షరతు. ఇక్కడి నేలలో రెండు కాపులు చూసిన చెట్టు నుంచి మాత్రమే కొమ్మ కోయాలి. చూడని చెట్టు జోలికి పోకూడదు.

చూడని చెట్లలో పదకొండో నంబరు ఒకటి. గల్ఫులో తాపీపని చేసి వచ్చిన ఒకాయన కొమ్మ తెచ్చి ఇచ్చాడట. పెరిగి పెద్దదైంది, ఆకు చూస్తే అచ్చం నాలుగో నంబరే. నేనే ఒకసారి రెండు కాగితాలూ కిటికీకి ఆనించి, "ఇదీ అదే మాస్టారూ, మీ నాలుగో చుట్టం," అన్నాను.

ఆయన నవ్వలేదు. చెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. "కళ్ళతో కాదు, ఆకు వీపు మీద బొటనవేలు పెట్టి రాయి. ఇది కొంచెం గరుకు. ఇటు చూడు, కొమ్మ కొసనున్న మొగ్గ. నాలుగోదానికి ఆకుపచ్చగా ఉంటుంది. దీనికి ఎర్రజీర ఉంది."

నా వేలికి పెద్ద తేడా తెలియలేదు. "ఇంత తేడా ఒకే చెట్టు మీద కూడా ఉంటుంది కదండీ?"

"ఉంటుంది. అందుకే ఇంకా ఏమీ అనడంలేదు. పోయిన ఏడాది కాసిన కాస్త పిందె గోళీకాయంత అయ్యి రాలిపోయింది. లేతచెట్టు కాబట్టి రాలిందేమో. ఈ ఏడాదీ, వచ్చే ఏడాదీ చూద్దాం."

"దీని పేరేమని రాశారు?"

"తెలియదు అని రాశాను," అన్నారు. ఒక డ్రాయింగ్ మాస్టారు ఆ మాట అంత నిబ్బరంగా అనడం నాకు చాదస్తంగా తోచింది.

కోటయ్య గారు ఆ చలికాలంలో వచ్చారు. పొదిలికి పడమటగా పది మైళ్ళలో ఉన్న పల్లె ఆయనది. మనిషి భారీగా ఉంటాడు, గొంతు అంతకంటే భారీ. రెండేళ్ళు వరసగా పత్తి పోయింది, మిరప కూడా తెగులు కొట్టింది. ఉన్న భూమిలో బోరు కింద నీళ్ళు అందే చెక్క ఒక్కటే మిగిలిందని, అందులో అంజూర పెడతానని వచ్చారు. "మూడొందల మొక్క కావాలయ్యా రమణయ్యా. రెండోసారి చేసే ఓపిక లేదు నాకు. మాస్టారు చూసిన చెట్టేనా నువ్విచ్చేది?" అని అడిగారు. "మాస్టారు చూసిన చెట్టే," అన్నాను. ఆ మాట అనేసరికి నా దగ్గర నాలుగో నంబరు మొక్కలు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఆయన మళ్ళీ వచ్చేలోగా మిగతావి వేరు పోసుకోవాలి. నాలుగో నంబరు చెట్లు మూడింటి మీదా కోయదగ్గ కొమ్మ ఇక లేదు. వచ్చే ఏడాదిదాకా ఆగమని చెప్పి ఉండాల్సింది. ఆగమంటే ఇంకో నర్సరీకి పోతాడని భయపడ్డాను.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు నమాజుకి మసీదుకి వెళ్తారని నాకు తెలుసు. ఆ సమయం చూసుకునే వెళ్ళాను. హుస్సేన్‌బీ గారు వంటింట్లోంచి, "కొమ్మలకా అబ్బాయ్? కోసుకో," అన్నారు. నేరుగా పదకొండో చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఆకు రాలే కాలం, కొమ్మలు బోసిగా ఉన్నాయి. ఆకు లేనప్పుడు, కొస మొగ్గ కత్తిరించేశాక, ఆ రెండు చెట్ల కొమ్మముక్కలూ పక్కపక్కన పెడితే ఎవరూ పోల్చలేరు. కత్తెర ఆడిస్తూ ఉంటే బిళ్ళ కొమ్మకు తగిలి టంగుటంగుమంటూ ఉంది. రెండూ ఒకటేలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఒకటే అని నిజంగా నమ్మి ఉంటే ఆయన ఇంట్లో ఉన్నప్పుడే వెళ్ళి ఉండేవాణ్ణి కదా. ఈ ప్రశ్న నాకు ఆ రోజే తట్టింది. జవాబు చెప్పుకోకుండా కట్ట కట్టుకుని వచ్చేశాను. వాటిలో వేరు పోసుకున్నవి తొంభై ఆరు. మొక్కలు బండికెక్కించేటప్పుడు రెండు రకాలూ కలిసిపోయాయి. అప్పటికి నాకూ ఏది ఏదో తెలియదు.

రెండో ఏడాది మాఘమాసంలో కోటయ్య గారు తువ్వాలు మూటతో మాస్టారి ఇంటికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. మూట విప్పి అరుగు మీద కుమ్మరించారు. గోళీలంత పచ్చి అంజూరలు. ముడుచుకుపోయి, తొడిమ దగ్గర పసుపురంగు తిరిగినవి. వాటితో పాటు ఆకులున్న కొమ్మ ఒకటి.

"చూడండి మాస్టారూ. కొన్ని చెట్లు బంగారంలా కాస్తున్నాయి. పక్కనే ఉన్నవి ఇట్టా రాలుస్తున్నాయి. మందు కొట్టా, నీళ్ళు పెట్టా, దిష్టి కూడా తీశా. ఏంటిది?"

మాస్టారు కాయ ముట్టుకోలేదు. ముందు కొమ్మ తీసుకున్నారు. కొస మొగ్గ చూశారు. ఆకు తిరగేసి బొటనవేలితో ఒకసారి రాశారు. తర్వాత తలెత్తి నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. తరగతిలో జవాబు తెలిసిన కుర్రాడు చెయ్యెత్తుతాడని ఎదురుచూస్తున్నట్టుగా ఉంది.

"ఏమంటావు రమణా?"

చెప్పడానికి ఆయన నాకిచ్చిన వ్యవధి చాలా పెద్దది. ఇప్పటికీ దాని పొడవు నాకు తెలుసు. హుస్సేన్‌బీ గారు లోపల చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు, ఆగి మళ్ళీ మొదలైంది.

"ఎక్కడో కలిసిపోయినట్టున్నాయి మాస్టారూ," అన్నాను.

కలిపేశాను అనలేదు. కలిసిపోయాయి అన్నాను. వాటంతట అవే నడిచి వెళ్ళి కలిసినట్టు.

మాస్టారు కొమ్మ కింద పెట్టారు. "నా దొడ్లోవే కోటయ్యా. ఈ రకం నా దగ్గర తప్ప ఈ చుట్టుపక్కల లేదు."

"అంటే మీరు చూసే కోశారా?"

ఆయన జవాబు చెప్పలేదు. కోటయ్య గారు మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. "కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చోవాలి గానీ, మా బతుకులతో ఆడుకుంటారా మాస్టారూ? మీ పేరు చెబితేనే గదయ్యా నేను నాటింది!" ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. వెళ్తూ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. కాయలు అరుగు మీదే ఉండిపోయాయి.

నేను అప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను. మాస్టారు కాయలు ఏరుతూ, "రేపు పొద్దున బస్సుకి వెళ్దాం. సున్నం డబ్బా ఒకటి తీసుకురా," అన్నారు. నేను సరే అన్నాను. నాకు సుఖంగా ఉన్నది అదే.

మర్నాడు ఆ తోటలో జరిగింది దగ్గరుండి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాసిన చెట్ల పళ్ళు అప్పటికే కోసేశారు, ఇంకా కాపుకి రానివీ ఉన్నాయి, రాలిన పిందెలు గాలికి దొర్లి, ఏ చెట్టువో తెలియకుండా వరసల మధ్య పడి ఉన్నాయి. మాస్టారు మొదటి వరస మొదట్లో నిలబడి, చెట్టు చెట్టు దగ్గరా ఆగి, కొమ్మ వంచి, మొగ్గ చూసి, ఆకు వీపు తడిమి, వెళ్తూ వచ్చారు. అనుమానం ఉన్నచోట ఇంకో రెండు ఆకులు తడిమేవారు. "ఇది," అంటే నేను మొదలుకు సున్నం పూయాలి. కోటయ్య గారు గట్టు మీద నిలబడి, "ఆ కళ్ళతోనే మళ్ళీ చూస్తున్నాడు," అని కూలివాళ్ళతో అంటున్నారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చివరి వరస అయిపోయింది. నేను వెనక్కి నడుస్తూ సున్నం గుర్తులు లెక్కపెట్టాను. తొంభై ఆరు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆయన చూపు ఎంత సరైనదో రుజువు చేయగల అంకె అది. అది తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. గట్టు మీదున్న మనిషికి నాలుగడుగుల దూరంలో నిలబడి, సున్నం చేతులు కడుక్కున్నాను.

వ్యవసాయ పరిశోధనలో పనిచేసే పాత శిష్యుడికి మాస్టారు జాబు రాస్తే కొన్నాళ్ళకి సంగతి తెలిసింది. అంజూరలో ఒక జాతి ఉందట. దాని కాయ నిలవాలంటే మగచెట్టు కాయలోంచి ఒక చిన్న పురుగు పుప్పొడి మోసుకొచ్చి లోపలికి దూరాలి, మన మేడికాయల్లో దూరే దోమ లాంటిదే. ఆ మగచెట్టూ ఆ పురుగూ ఇక్కడ లేవు. కాబట్టి ఎన్నేళ్ళు పెంచినా పిందె రాలుతూనే ఉంటుంది. "అయితే మందు ఒక్కటే," అన్నారు మాస్టారు. ఎండలు తగ్గాక గుర్తుపెట్టిన చెట్లను మోకాలెత్తుకి నరికించి, తొలకరికి వచ్చిన చిగుళ్ళు పెన్సిల్ లావు అయ్యాక వాటి మీద నాలుగో నంబరు కన్ను, అంటే బెరడుతో చెక్కిన మొగ్గ, తెచ్చి అంటు కట్టడం మొదలుపెట్టాం.

దాదాపు నెల పట్టింది. రోజూ పొద్దున మొదటి బస్సు, సాయంత్రం ఆఖరి బస్సు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి బురదనేల మీద గోనెసంచి వేసుకుని కూర్చునేవారు. ఆయన కత్తితో బెరడు చీల్చి కన్ను దూర్చేవారు, నేను పాలిథీన్ పట్టీ చుట్టేవాణ్ణి. రోజుకి పది చిగుళ్ళు, ఒక్కోసారి పన్నెండు. వానపడితే కట్టినవి కుళ్ళిపోయేవి, మళ్ళీ కట్టేవాళ్ళం. పాలు కారి చేతులు కమిలిపోయాయి. మొదటి వారం కోటయ్య గారు మాతో మాట్లాడలేదు. రెండో వారం ఆయన భార్య మజ్జిగ పంపింది. మూడో వారం ఆయనే తెచ్చి, నాకు గ్లాసు ఇచ్చి, మాస్టారిది గోనెసంచి పక్కన నేల మీద పెట్టి వెళ్ళారు. మాస్టారు అది తీసుకుని తాగి, "ఉప్పు సరిపోయింది," అన్నారు. అన్ని రోజులు భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాం. చెప్పడానికి తీరిక లేని రోజంటూ ఒక్కటీ లేదు. అలసట ఎక్కువయ్యేకొద్దీ, ఇంత పని చేస్తున్నాను కదా, ఇదే నా ప్రాయశ్చిత్తం అనుకోవడం తేలికైంది. ఒళ్ళు వంచితే నోరు విప్పక్కర్లేదనుకున్నాను.

ఆఖరి రోజు ఒక చెట్టు మిగిలింది. నేను పట్టీ తీస్తుంటే మాస్టారు కత్తి మడిచేశారు.

"ఇది ఉండనీ."

"ఎందుకండీ? దీనికి కాయ నిలవదు కదా."

"నిలవదు. రేపెవరైనా ఇదీ అదీ ఒకటే అంటే, పక్కన పెట్టి చూపించడానికి ఒకటుండాలి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. లేచి, గోనె దులుపుకుని, బస్సుకి నడిచారు. బస్సులో చాలాసేపయ్యాక, "చేతులు మండుతున్నాయా?" అని అడిగారు. మండుతున్నాయన్నాను. "ఎండలో పెట్టకు. దాచుకో," అన్నారు.

తోట బాగుపడింది. అంటు కట్టినవి రెండేళ్ళకి కాశాయి. బాగుపడనిది మాస్టారి మాట. కోటయ్య గారి ఊళ్ళో పొద్దున్నే పాలకేంద్రం దగ్గర చుట్టుపక్కల నాలుగు పల్లెలవాళ్ళూ క్యాన్లతో చేరతారు. అక్కడ పడిన మాట మధ్యాహ్నానికి అన్ని ఊళ్ళకీ చేరుతుంది. డ్రాయింగ్ మాస్టారికి కళ్ళు పోయాయి, చెట్లు కలిపేస్తున్నాడు అని ఆ మాట పాకింది. అంతకుముందు వారానికి ఇద్దరు ముగ్గురైనా తడిగోనెలో ఆకులు చుట్టుకుని ఆయన అరుగెక్కేవారు. ఇది ఏ రకం, అది ఏ రకం, మోసపోయామా అని. ఆయన ఫీజు తీసుకునేవారు కాదు, ఆకు మాత్రం ఉంచుకునేవారు. క్రమంగా ఆ రాకపోకలు ఆగిపోయాయి. అరుగు మీద నీళ్ళ చెంబు, పక్కన గ్లాసు అలాగే పెట్టి ఉండేవి. "ఈ మధ్య ఎవరూ మోసపోవడం లేదులా ఉంది," అని ఒకసారి నవ్వారు. హుస్సేన్‌బీ గారు నవ్వలేదు. ఆవిడకి శుక్రవారం సంగతి గుర్తుంది. నాకేసి చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

ఇంకో మూడు నాలుగేళ్ళు ఉన్నారాయన. ఆఖరి నెలల్లో మంచం మీద కూడా ఆకులు గీశారు, గీత వణికేది. నేను ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. ప్రతి ఆదివారం గుమ్మం దాకా ఆ మాట నాతో వచ్చేది, తిరిగి నాతోనే ఇంటికి వచ్చేసేది. జబ్బు మనిషిని ఇప్పుడెందుకు కదిలించడం అనుకునేవాణ్ణి. అదీ నా సౌకర్యానికే.

పోయిన తర్వాత హుస్సేన్‌బీ గారు నన్ను పిలిచి కాగితాల కట్ట ఇచ్చారు. "నీకివ్వమన్నారు. ఇంకెవరికీ పనికిరావన్నారు." అంతే అన్నారు. ఇంటికి తెచ్చి విప్పాను. చెట్టుకొక కాగితం. ఎక్కడి నుంచి వచ్చింది, తెచ్చినవాళ్ళు పిలిచిన పేర్లు, ఆకు, కాయ, అడుగున ఎవరెవరికి కొమ్మలిచ్చిందీ. నాలుగో నంబరు కింద పేర్లే పేర్లు. నా పేరు ఏడుసార్లు ఉంది. పదకొండో కాగితం తీశాను. పేరు దగ్గర 'తెలియదు' కొట్టేసి, శిష్యుడు రాసిన సంగతంతా చిన్న అక్షరాలతో ఎక్కించారు. అడుగున 'ఒకసారి కోశారు. తొంభై ఆరు నాటుకున్నాయి' అని ఉంది. ఎవరు అన్నచోట ఖాళీ. ఆయన పేరు రాసుకోలేదు. నా పేరూ రాయలేదు. ఒక పేరు పట్టేంత చోటు వదిలేసి కింద గీత గీశారు.

పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఆ గీత మీద నా పేరు రాశాను. రాశాక అది ఇంట్లో ఉంచుకునే కాగితం కాదనిపించింది. తెల్లారి బస్సెక్కి కోటయ్య గారి తోటకి వెళ్ళాను. ఆయన బుట్టలో పళ్ళు సర్దుతున్నారు. కాగితం చేతికిచ్చి మొత్తం చెప్పాను. శుక్రవారం, కత్తెర, బండి. సున్నం గుర్తుల లెక్క కూడా చెప్పాను.

ఆయన కాసేపు కాగితం వైపే చూశారు. చదువురాని మనిషి కాదు. "ఆ ముసలాయన్ని తిట్టుకుంటూ తిన్నానయ్యా ఇన్నాళ్ళూ ఈ పళ్ళు," అన్నారు. తర్వాత గొంతు పెరిగింది. "మరి అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు? మజ్జిగ నేల మీద పెట్టానే ఆయనకి! పక్కనే కూర్చుని చూశావే!"

ఆయన కాగితం మడిచి తిరిగి నా చేతిలో పెట్టారు.

"నాకు చెబితే అయిపోదు. ఊళ్ళో చెప్పింది నేను. నా మాట ఇప్పుడు నేను వెనక్కి తీసుకుంటే, ముసలోడు పోయాడు గదా, జాలిపడి అంటున్నాడంటారు. రేపు పొద్దున పాలకేంద్రం దగ్గరికి రా. నువ్వే చెప్పు."

వెళ్ళాను. క్యాన్ల వరస పక్కన నిలబడి చెప్పాను. సగంమంది వింటూ పాలు కొలిపించుకున్నారు. ఒకాయన, "ఇప్పుడెందుకయ్యా పాత సోది," అన్నాడు. ఇంకొకాయన మాత్రం, "మా తోటలో జామ గురించి ఆయన చెప్పింది నమ్మకుండా కొట్టించేశాను గదరా," అని తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత రెండో ఊరు, మూడో ఊరు. మాట వెళ్ళినంత దూరం దాని వెనక నడవడం చాలా అలసట. ఎక్కడో ఒకచోట ఆ మాట ఇంకా నా కంటే ముందే ఉంటుంది. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

అంటు కట్టకుండా వదిలేసిన ఆ ఒక్క చెట్టు కోటయ్య గారి తోటలో ఇప్పటికీ ఉంది. ఏటా పిందె వేస్తుంది, ఏటా రాలుస్తుంది. దానికి నేనే రేకు కత్తిరించి బిళ్ళ చేశాను. పదకొండు అని అంకె వేసి, కింద కోసినవాడు రమణయ్య అని రాసి తీగతో కట్టాను. కొన్నేళ్ళకి ఎండకీ వానకీ రంగు పెచ్చులూడి 'కోసినవాడు' పోయింది, నా పేరు మిగిలింది. ఆ తోట చూడటానికి వచ్చే రైతులు అది రకం పేరనుకున్నారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కాయ నిలవని చెట్టు ఏది కనపడినా రమణయ్య అంజూర అంటున్నారు. పోయిన నెల ఒక కుర్రరైతు నా నర్సరీకి వచ్చి, "రమణయ్య అంజూర తప్ప ఇంకేదైనా ఇవ్వండి," అని అడిగాడు. నేనెవరో అతనికి తెలియదు.

అతను ఆ పేరుతో పిలిచే చెట్టు మీద, కాయ పక్కనున్న ఆకులు పది తెమ్మని చెప్పి పంపాను. పేరు సరిదిద్దలేదు. మాస్టారు ఉంటే కాగితం తీసి, పదకొండో నంబరు కింద ఉన్న పేర్ల వరసలో దీన్నీ చేర్చేవారు. నిన్న నేనే చేర్చాను.